వాగును "మొదట కనుగొన్నది" ఎవరు? కూపర్టినో ఫలకం గురించి ఒక బహిరంగ లేఖ

కాలిఫోర్నియాలో చారిత్రక చిహ్నాల బాధ్యత చూసే అధికారులకు, కూపర్టినో నగర ప్రతినిధులకు, శాంతా క్లారా లోయలో నివసిస్తున్న తెలుగువారికి, తెలుగు సంఘాల పెద్దలకు,

నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి. మా ఊరి బడి ఆవరణలోని చారిత్రక ఫలకం మీది ఒక తప్పు మాటను సరిచేయమని రెండేళ్లలో మూడు ఉత్తరాలు ఇంగ్లీషులో, పద్ధతి ప్రకారం, ఆధారాలు జతచేసి సంబంధిత కార్యాలయానికి పంపాను. మొదటిదానికి అందినట్టు ఒక్క ముక్క వచ్చింది. తర్వాతి రెండింటికి అదీ లేదు. ఒక్కడు రాసిన కాగితాన్ని సొరుగులో పెట్టి మరిచిపోవడం సులువు, నలుగురూ కలిసి అడిగితే అంత సులువు కాదు. ఆ ఫలకం ముందు నుంచి రోజూ పిల్లలను బడిలో దించి వెళ్లేవారిలో మనవాళ్లు తక్కువేమీ కాదు. అందుకే అధికారులను అడగవలసినదీ, మనలో మనం అనుకోవలసినదీ ఒకే ఉత్తరంలో పెట్టాను. దీని ఇంగ్లీషు ప్రతిని అధికారులకు విడిగా పంపుతున్నాను.

కూపర్టినోలోని మాంటా విస్టా హైస్కూలు ఆవరణలో కాలిఫోర్నియా చారిత్రక చిహ్నాల జాబితాలో 800వ సంఖ్యగా నమోదైన ఫలకం ఒకటి ఉంది. దాని సారాంశం ఇది: సెయింట్ జోసెఫ్ గౌరవార్థం పేరు పెట్టిన ఈ వాగును 1769లో స్పానిష్ అన్వేషకులు మొదట కనుగొని దాటారు, 1776 మార్చి 25, 26 తేదీల్లో కల్నల్ హువాన్ బావుటిస్టా దె ఆంజా ఇక్కడ తన 93వ మజిలీ వేశాడు, ఆయన వెంట ఉండి పటాలు గీసిన ఫాదర్ పేద్రో ఫాంట్ ఆ చోటును గుర్తించాడు, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం దగ్గర ఒక వలసకూ, క్రైస్తవ మతప్రచార స్థావరమైన ఒక మిషన్‌కూ, ప్రెసిడియో అనే సైనిక స్థావరానికీ ఆంజా నాంది పలికాడు. మనం డీ ఆంజా అని పిలుచుకునే రోడ్డుకూ కాలేజీకీ ఈ కల్నల్ పేరే పెట్టారు. మన ఊరి పేరు కూడా ఆ రాత్రి మజిలీ పుణ్యమే. ఫాంట్ ఆ వాగుకు ఇటలీలోని కొపెర్తీనో అనే ఊరికి చెందిన జోసెఫ్ పేరు పెట్టాడు. ఆ సాధువును చర్చి పునీతుడిగా ప్రకటించి అప్పటికి తొమ్మిదేళ్లే అయింది. వాగును తర్వాత స్టీవెన్స్ క్రీక్ అన్నారు. పాత పేరు మాత్రం ఊరికి మిగిలింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ జోసెఫ్ చదువులో వెనకబడినవాడనీ, పరీక్షలో తనకు వచ్చిన ఒక్క విషయమే అడగడంతో గట్టెక్కాడనీ కథ. అందుకే ఆయన్ను విద్యార్థులకు, ముఖ్యంగా పరీక్షలంటే భయపడేవారికి, రక్షకుడిగా కొలుస్తారు. బడి మార్కులను బట్టి ఇళ్ల ధరలు పలికే ఊరికి ఇంతకంటే తగిన పేరు దొరకదు. మా అమ్మాయి ఆ బడిలో చదివే రోజుల్లో ఈ కథ చెబితే నవ్వింది. తర్వాత ఫలకం చదివి, "నాన్నా, 1769కి ముందు ఈ వాగు కనబడేది కాదా?" అని అడిగింది. ఈ ఉత్తరం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

ఆంజా ప్రయాణాన్ని నేను చిన్నచూపు చూడడం లేదు. అది నిజంగా పెద్ద ప్రయాణం. 1769లో శాన్ డియెగోలో, ఆ మరుసటి ఏడు మాంటెరేలో స్పెయిన్ వేసిన స్థావరాలకు సముద్రం మీద తిండిగింజలు పంపడం గాలికి ఎదురీదే పని, ఓడలు నెలల తరబడి ఆలస్యమయ్యేవి. రష్యన్లు ఉత్తరం నుంచి దిగుతారన్న భయం ఒకటి. 1774లో ఆంజా ఇప్పటి అరిజోనాలోని టుబాక్ నుంచి ఎడారి మీదుగా దారి ఉందని తేల్చాడు. మెక్సికోలో స్పెయిన్ తరఫున పాలించే వైస్రాయి బుకరేలీ అనుమతితో ఆ మరుసటి ఏడాది కుటుంబాలను వెంటబెట్టుకుని బయలుదేరాడు. 1775 అక్టోబరు 23న టుబాక్ దాటిన ఆ గుంపులో సుమారు 240 మంది ఉన్నారు. వారిలో సగం దాకా పిల్లలే. వెంట వెయ్యి వరకు గుర్రాలు, కంచరగాడిదలు, పశువులు. టుబాక్ దాటిన మొదటి మజిలీలోనే ఒక తల్లి ప్రసవంలో చనిపోయింది. నాలుగున్నర నెలల ఆ దారిలో సంభవించిన ఒకే ఒక్క మరణం అది. క్రిస్మస్ ముందు రాత్రి ఎముకలు కొరికే చలిలో ఒక మగపిల్లవాడు పుట్టాడు. కొలరాడో నది దగ్గర క్వెచాన్ జనులు, వారి నాయకుడు సాల్వడోర్ పాల్మా, దగ్గరుండి దాటించకపోతే ఆ గుంపు ఆవలి ఒడ్డు చేరేదే కాదు. 1776 మార్చి 10న వారు మాంటెరే చేరారు.

ఈ కుటుంబాలు దొరబిడ్డలు కావు. ఇప్పటి మెక్సికోలోని సినలోవా, సొనోరా ప్రాంతాల పేదవారు. జీతం, భత్యం, బట్టలు, ఆడవాళ్లకు రిబ్బన్ల దాకా ఇస్తామంటే కదిలినవారు. వారిలో చాలామందిలో యూరోపు రక్తం కొంత, మూలవాసుల రక్తం కొంత, ఆఫ్రికా రక్తం కొంత కలిసి ఉన్నాయని నాటి జాబితాలే చెబుతున్నాయి. "స్పానిష్" అన్న ఒక్క ముద్ర కింద వీళ్లందరినీ దాచేయడం కూడా ఒక రకం మరపే.

ఫలకం చెబుతున్న మార్చి 25 రాత్రి ఆ కుటుంబాలు కూపర్టినోలో లేవు. వారిని మాంటెరేలోనే ఉంచి, ఆంజా, ఫాంట్, లెఫ్టినెంట్ హొసే హొవాకీన్ మొరాగా, కొద్దిమంది సైనికులు, సహాయకులు అంతా కలిపి ఇరవై మంది దాకా ఒక చిన్న దండుగా చోటు చూసుకోవడానికి బయలుదేరారు. మార్చి 28న అఖాతం ముఖద్వారం దగ్గర శిలువ నాటి, స్థలాలు ఎంపిక చేసి, ఆంజా ఏప్రిల్లో దక్షిణానికి తిరుగు ప్రయాణమయ్యాడు. ప్రెసిడియో కట్టడం ఆయన కళ్లారా చూడనేలేదు. జూన్‌లో కుటుంబాలను నడిపించుకుని వచ్చినవాడు మొరాగా. ప్రెసిడియో సెప్టెంబరు 17న, మిషన్ అక్టోబరు 9న లాంఛనంగా మొదలైనప్పుడు అక్కడ ఉన్నదీ, పని చేసినదీ ఆ కుటుంబాలూ మొరాగా మనుషులూ. "నాంది పలికాడు" అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ కూలివాడి పేరు లేకుండా మేస్త్రీ పేరే చెక్కే అలవాటు ఎంత పాతదో ఆ మాట చూపిస్తుంది.

ఆ ఫలకాన్ని ఎన్నిసార్లు చదివినా అందులో మూడు పేర్లే: ఒక సాధువు, ఒక కల్నల్, ఒక ఫాదర్. దండు వచ్చేనాటికి ఈ లోయలో ఉన్నవారు ఒలోనీ ప్రజలు. ఈ చుట్టుపక్కల వారు మాట్లాడిన భాష పేరు టామియెన్. ఓక్ కాయలను దంచి, చేదు విరిగేదాకా నీళ్లలో కడిగి, ఆ పిండితో అంబలి కాచుకునేవారు. తుంగ కట్టలతో చేసిన పడవల మీద అఖాతంలో చేపలు పట్టేవారు. గింజల గడ్డి బాగా పెరగడానికి, ఏ ఋతువులో ఎక్కడ మంట పెట్టాలో తెలిసి పెట్టేవారు. ఫాంట్ దినచర్యలోనే దారి పొడవునా మూలవాసుల పల్లెలు కనబడతాయి. తన కళ్లతో ఊళ్లు చూసి రాసుకున్న మనిషి పేరు చెక్కిన ఫలకం మీదే ఈ చోటును "మొదట కనుగొన్నారు" అని ఉండడం వింత. తప్పు ఫాంట్‌ది కాదు, ఆ తర్వాత ఫలకం రాసినవారిది.

మన భాషలో శాసనం అంటే రాతి మీద చెక్కిన రాత, శాసనం అంటే ఆజ్ఞ. రెండింటికీ ఒకే మాట ఉండడం ఊరికే కాదు. ప్రభుత్వం ముద్ర ఉన్న అక్షరం మామూలు అక్షరం కాదు, దాన్ని చదివినవాడు నిజమో కాదో అని అడగడు. అందుకే ఈ ఒక్క మాట వల్ల ఎవరికి ఏం నష్టమో విడివిడిగా చెబుతున్నాను.

1. నష్టం మొదట బడి పిల్లలది. కాలిఫోర్నియాలో నాలుగో తరగతి పిల్లలు మిషన్ల గురించి చదువుతారు. ఇప్పుడు చాలా తరగతి గదుల్లో మూలవాసుల వైపు కథ కూడా చెబుతున్నారు. తరగతిలో ఒకటి విని, బడి ఆవరణలో ప్రభుత్వ ఫలకం మీద మరొకటి చదివిన పిల్లవాడు ఏది నమ్మాలి? పుస్తకం మారుతుంది, టీచరు మారుతుంది, లోహం మీది అక్షరం మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి అదే నిజమని మనసులో నాటుకుంటుంది.

2. అందరికంటే ఎక్కువ నష్టం ఒలోనీ వారసులది, వారి విషయంలో ఇది మాటల పట్టింపుతో పోయేది కాదు. ప్రెసిడియో, మిషన్ వచ్చాక ఏం జరిగిందో రికార్డుల్లో ఉంది. 1777 జనవరిలో శాంతా క్లారా మిషన్, నవంబరులో శాన్ హోసే పట్టణం వెలిశాయి. బాప్తిస్మం తీసుకున్నవారికి మిషన్ విడిచి వెళ్లే స్వేచ్ఛ లేకపోయింది, పారిపోయినవారిని సైనికులు పట్టుకొచ్చి కొరడా దెబ్బలు కొట్టేవారు. పశువుల మందలు గింజల గడ్డిని తినేశాయి. మూలవాసులు గడ్డికి మంట పెట్టకూడదని 1793లో గవర్నరు ఆజ్ఞ జారీ చేశాడు. 1806లో తట్టు సోకి అఖాతం చుట్టూ మిషన్లలో జనం పిట్టల్లా రాలిపోయారు. రాష్ట్రం మొత్తంలో 1769 నాటికి సుమారు మూడు లక్షలుగా అంచనా వేసిన మూలవాసుల సంఖ్య, అమెరికా పాలన తొలి దశాబ్దాల హత్యాకాండ కూడా తోడై, 1870 నాటికి ముప్పై వేల దరిదాపులకు పడిపోయింది. 1925లో ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ అనే పేరున్న మానవశాస్త్రవేత్త ఈ జనం దాదాపు అంతరించినట్టేనని రాసేశాడు. వారు అంతరించలేదు. ఇక్కడే, శాన్ హోసేలో, ఫ్రీమాంట్‌లో, మన పక్క వీధుల్లో ఉన్నారు. ముయెక్మా ఒలోనీ సమాజానికి ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపు ఈ ఉత్తరం రాసేనాటికీ లేదు. ఆ గుర్తింపు లేకపోతే గుర్తింపు పొందిన తెగలకు దక్కే వైద్యం, చదువు, ఇల్లు వంటి సహాయాలు అందవు, తమ పూర్వీకుల అస్థికలను అడిగి తెచ్చుకోవడం కూడా కష్టం. 1989లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తన దగ్గరున్న వందలాది అస్థికలను వారికి తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. అస్థికలు తిరిగి ఇవ్వాలన్న చట్టం రాకముందు ఒక సంస్థ చూపిన మర్యాద అది. మర్యాదను నమ్ముకుని ఒక జాతి బతకవలసి రావడం న్యాయం కాదు. "మీరెవరు?" అని అడుగడుగునా రుజువులు అడిగే చోట, "ఇక్కడ ముందు ఎవరూ లేరు" అన్న అర్థం వచ్చే ప్రభుత్వ ఫలకం వారికి వ్యతిరేకంగా నిలబడిన సాక్షి.

3. మెక్సికో మూలాలున్న కుటుంబాలూ నష్టపోతున్నాయి. ఈ లోయలో వారిని కొత్తగా వచ్చినవారుగా చూసే కళ్లు తక్కువేమీ కాదు. వారిలో కొందరి పూర్వీకులు ఆ 240 మందిలో నడిచి వచ్చారు. కల్నల్ పేరుతో పాటు ఆ కుటుంబాల ఊసు ఒక్క ముక్క ఉంటే, ఆ పిల్లలు ఆ ఫలకం ముందు నిలబడే తీరు వేరుగా ఉండేది.

4. చివరగా మనం. అన్నిటికంటే చిన్న నష్టం మనదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మనం ఈ నేల మీద ఇల్లు కొంటాం, గృహప్రవేశం చేస్తాం, భూమిపూజలో భూదేవికి దణ్ణం పెడతాం. ఆ భూమి ఎవరిదో తెలుసుకోకుండా పెట్టే దణ్ణం సగమే.

"ఇప్పుడు ఇవన్నీ తవ్వడం ఎందుకు, విగ్రహాలు పగలగొట్టడమేనా?" అని నాతో అన్నవారు ఉన్నారు. పగలగొట్టమని నేను అడగడం లేదు. 2020 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో, కాలిఫోర్నియా మిషన్లకు నాంది పలికిన ఫాదర్ హునీపెరో సెర్రా విగ్రహాన్ని జనం పడగొట్టిన రోజున నేను సంతోషించలేదు. ఆ పరిస్థితి రావడానికి ఏళ్ల తరబడి పలకని అధికారుల మౌనం కూడా ఒక కారణమని మాత్రం అనుకున్నాను. పద్ధతిగా చేసిన పని ఎలా ఉంటుందో ఇదే రాష్ట్రం చూపించింది. 2019 జూన్‌లో గవర్నరు మూలవాసులకు రాష్ట్రం తరఫున క్షమాపణ చెప్పారు. 2021లో పాట్రిక్స్ పాయింట్ అనే రాష్ట్ర పార్కుకు యూరోక్ ప్రజల మాటతో సూ-మెగ్ అనే పాత పేరు తిరిగి పెట్టారు. 2023 నవంబరులో రాజధాని శాక్రమెంటోలో సెర్రా విగ్రహం ఒకప్పుడు ఉన్న చోటు దగ్గరే అక్కడి మూలవాసుల గౌరవార్థం కొత్త విగ్రహం ఆవిష్కరించారు. 1990లో ఏర్పాటైన, 1,200 మైళ్ల ఆంజా జాతీయ చారిత్రక మార్గాన్ని చూసే జాతీయ పార్కుల సేవా సంస్థ కూడా ఇప్పుడు ఆ కుటుంబాల గురించీ, దారిలోని మూలవాసుల గురించీ చెబుతోంది. అంటే పెద్ద పనులు జరిగాయి. ఒక బడి ఆవరణలోని ఒక్క వాక్యం దగ్గరే చెయ్యి ఎందుకు ఆగిందో నాకు అర్థం కావడం లేదు.

కాబట్టి అధికారులను అడుగుతున్నవి ఇవి:

1. "మొదట కనుగొన్నారు" అన్న మాటను సరిచేయాలి. ఫలకాన్ని మార్చడం ఖర్చుతోనో నిబంధనలతోనో కుదరకపోతే, దాని పక్కనే అంతే ఎత్తులో, అంతే పరిమాణంలో రెండో ఫలకం పెట్టాలి. పొదల వెనక మూలన పెట్టే చిన్న బోర్డు మాకు అక్కర్లేదు.

2. ఆ రెండో ఫలకం మీద ఏం రాయాలో ఒలోనీ ప్రజలు చెప్పాలి. ముసాయిదా అంతా మీరే రాసి చివర్లో వారి సంతకం తీసుకోవడం సంప్రదింపు అనిపించుకోదు. టామియెన్ ప్రాంతంతో సంబంధం ఉన్నామని చెప్పే సమూహాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. వారిలో వారికి భేదాభిప్రాయాలు ఉంటే, దాన్ని సాకుగా తీసుకుని పని వాయిదా వేయవద్దు. వారు వెచ్చించే సమయానికి, మీరు ఇతర నిపుణులకు ఇచ్చినట్టే, రుసుము ఇవ్వాలి. ఈ ఊరిని వారు ఏ పేరుతో పిలవాలనుకుంటే ఆ పేరు వారి భాషలోనే మొదటి వరుసలో ఉండాలి. స్పానిష్‌లోనో, చైనీస్‌లోనో, తెలుగులోనో వివరాలు తర్వాత పెట్టుకోవచ్చు. టామియెన్ కంటే ముందు మా భాష పెట్టమని అడిగే మొహం మాకు లేదు.

3. ఆంజా వెంట నడిచిన సుమారు 240 మంది ప్రస్తావన, వారిని ఉత్తరానికి తీసుకొచ్చిన మొరాగా పేరు, నది దాటించిన క్వెచాన్ ప్రజల పేరు చేర్చాలి. ఆ క్వెచాన్‌లతో స్నేహం ఎలా చెడిందో, 1781లో వారు తిరగబడి ఆ దారిని ఎలా మూయించారో కూడా ఒక వాక్యంలో చెబితే, ఆంజా తెరిచిన దారి ఎన్నాళ్లు నడిచిందో చదివేవారికి తెలుస్తుంది.

4. ఈ ఉత్తరానికి తొంభై రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. కుదరదు అన్నదే జవాబైతే, ఎందుకు కుదరదో, ఏ నిబంధన అడ్డమో చెప్పాలి. "పరిశీలనలో ఉంది" అన్న మాటను జవాబుగా లెక్కించము.

తెలుగు సంఘాల పెద్దలకు వేరే మనవి ఉంది. ఉగాదికి, సంక్రాంతికి, బతుకమ్మకు నగర ప్రతినిధులను పిలిచి శాలువా కప్పి ఫోటో దిగే మనం, ఈ ఒక్కసారి వారి చేతికి ఈ కాగితం కూడా ఇవ్వాలి. ఏదో ఒక పండుగ వేదిక మీద, నాట్యానికీ విందుకూ మధ్య పావుగంట, ఒక ఒలోనీ పెద్దను పిలిచి మాట్లాడించాలి. వారిని అలంకారంగా పిలవకండి, ముందుగా అడిగి, వారు ఏం చెప్పదలిస్తే అది చెప్పనివ్వండి. తెలుగు తరగతులు నడిపే ఉపాధ్యాయులకు ఇంకొకటి: మన పాఠాల్లో, మాటల్లో "రెడ్ ఇండియన్లు" అనడం ఇకనైనా మానుకుందాం. కొలంబస్ దారి తప్పి చేసిన పొరపాటు వల్ల మన పేరు వారికి అంటుకుంది. దానికి ఒంటి రంగు కూడా తగిలించి మన పిల్లలకు నేర్పడం మన పొరపాటు. మూలవాసులు అనండి, ఇక్కడైతే ఒలోనీలు అనండి. ఈ పని చేయడానికి ఏ కార్యాలయం అనుమతీ అక్కర్లేదు, తొంభై రోజులు ఆగనక్కర్లేదు.

ఆంజా మజిలీకి 2026 మార్చి 25తో రెండువందల యాభై ఏళ్లు. ఆ ఏడాది దాటకముందే పక్క ఫలకం ముసాయిదా అయినా బల్ల మీదకు రావాలన్నది మా కోరిక. సంతకం చేయదలచినవారు మీ మీ సంఘాల కార్యదర్శుల దగ్గర పేరు, నివసించే ఊరు రాసి ఇవ్వండి. ఒలోనీ పెద్దలు ఒప్పుకుంటే వారితో కలిసి, వద్దంటే వారి వెనక నిలబడి, ఆ కాగితాలను నగర సభ ముందు పెడతాము.

ఇట్లు,
పదిహేడేళ్లుగా కూపర్టినోలో ఉంటున్న ఒక తెలుగు తండ్రి